కాలు ఎత్తింది ఎవరు

“లైను ఆపేశాం” అన్న మాట నమ్మి స్తంభం ఎక్కకూడదన్నది లైన్‌మన్ల చదువులో మొదటి అక్షరం. ఎవరికి వారు టెస్టర్ పెట్టి చూసుకోవాల్సిందే. ముప్ఫయ్యేళ్లు అలా చూసుకున్నవాడు ఒక్కసారి పై అధికారి మాట నమ్మాడు. షాక్ కొట్టి కిందపడితే వెన్ను దెబ్బతిని, రెండు కాళ్లూ పడిపోయాయి. అప్పటినుంచి తన నీడను తానే నమ్మడం మానేశాడు.

ఆస్పత్రిలో అతనికి రెండు వైద్యాలు కలిపి చేస్తున్నారు. వీపుకు ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపుతారు. అది నడుస్తుండగానే ఫిజియో అమ్మాయి పక్కన కూర్చుని మోకాలు ఎత్తమంటుంది. ఎనిమిదో వారంలో కుడి మోకాలు బెత్తెడు లేచింది. భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. అతనికి మాత్రం ఒళ్లు మండింది. కరెంటు పెడితే చచ్చిన కప్ప కాలు కూడా తంతుందని, లేనిపోని ఆశ చూపించి తనను ఆడిస్తున్నారని అన్నాడు. ఇంటికి పోదాం, సామాను సర్దమన్నాడు.

ఆమె సర్దుతోంది. ఫిజియో అమ్మాయి అటు తిరగ్గానే అతను ప్యాడ్లకు కరెంటు పంపే పెట్టె మీది స్విచ్చు ఆపేసి, పళ్లబిగువున మోకాలు ఎత్తబోయాడు. కాలివేలైనా కదల్లేదు. కదిలించింది కరెంటేనని, దొంగను పట్టేశాననుకున్నాడు. మరుక్షణమే ఇంకోటి తట్టింది. అంటే ఈ కాలు ఇక తనది కాదన్నమాట.

అమ్మాయి చూడనే చూసింది. కోప్పడకుండా, స్విచ్చు మళ్లీ అతని చేతే వేయించింది.

“సగమే చూశారు బాబాయ్. ఇప్పుడు కరెంటుంది. మీరు మాత్రం ఎత్తకండి.”

అతను కట్టెలా పడుకుని వంద లెక్కపెట్టాడు. కాలు ఉన్నచోటే ఉంది. ప్యాడ్ల కింద చురుక్కుమంటూనే ఉంది, కరెంటు లేదనడానికి వీల్లేదు. అప్పుడు ఎత్తమంది. మనసంతా మోకాలి మీద పెట్టి ఎత్తాడు. లేచింది.

ఇంకా అనుమానమేనా అని అడిగింది ఆ అమ్మాయి. ఉందన్నాడు. మళ్లీ చూడాలన్నాడు. పదిసార్లకే విసుక్కునే మనిషి ఆ పూట ముప్ఫైసార్లు చూశాడు. చెమటలు కక్కుతూ, గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడిన భార్యను దగ్గరికి పిలిచాడు.

“నాకు నమ్మబుద్ధి కావట్లేదే. నువ్వు చెయ్యేసి చూడు. ఎత్తుతున్నది నేనేనా, చెప్పు.”