వరిబీజం కాదు

ఎడమవైపు బీజం లాగుతోందని సత్యప్రసాద్ నోరు విప్పేసరికి నాగదుర్గకు ముందు కోపమే వచ్చింది. పెళ్లయి అయిదేళ్లు. బిడ్డల కోసం అత్తగారు అమ్మణ్ణి చెప్పిందని ప్రతి శుక్రవారం ఉప్పూకారం లేని చప్పిడి తింది, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలన్నీ మింగింది. ఈయనేమో వాపు వరిబీజమనుకుని, గోచీ బిగించి కట్టుకుని తిరుగుతున్నాడు!

“చెప్పొచ్చు కదండీ?”

“మన చిట్టియ్య మావయ్యకి వరిబీజమని ఊరంతా ఏ పేరు పెట్టి పిలుస్తారో తెలీదేంటి నీకు?”

ఆమెకు నవ్వాగలేదు.

రామచంద్రపురం సర్జన్ గారు నిలబెట్టి పరీక్ష చేశారు. స్కానింగూ, వీర్యపరీక్షా చూశారు.

“నీరు లేదయ్యా, వరిబీజం కాదు. వేరికోసీల్ అంటారు. తూము తలుపు సరిగ్గా పడకపోతే కాలవ నీళ్లు వెనక్కి తన్నవూ? అలా రక్తం వెనక్కి దిగి నరాలు ఉబ్బాయి. ఆ వేడికి వీర్యకణాలు తగ్గాయి.”

“మందులతో పోదాండి?” అంది నాగదుర్గ.

“పోదమ్మా. నొప్పీ, బిడ్డల బెంగా లేకపోతే వదిలేద్దుము. మీకైతే చిన్న కోత పెట్టి ఆ నరాలు కట్టేయడం మంచిది. సన్న గొట్టం పంపి లోపలే మూసేసే పద్ధతి పెద్ద ఊళ్లలో ఉంది. ఏది చేసినా కణాలు పెరగడానికి నెలలు పడుతుంది. చాలామందికి పెరుగుతాయి. బిడ్డ సంగతి మాత్రం రాసివ్వలేను.”

“మరి మగతనం...” సత్యప్రసాద్ నసిగాడు.

“దానికేం ఢోకా లేదయ్యా!”

బస్సులో నాగదుర్గ ఒక్కటే అడిగింది. “లోపం నాలో లేదని అత్తయ్యగారికి చెప్పండి. అదే చాలు.”

“చెబుతాలే” అన్నాడు. తీరా ఆపరేషనయ్యాక తల్లికి హెర్నియా అని చెప్పాడు. నాగదుర్గ అతనితో మాట మానేసింది. అన్నం మాత్రం పెట్టింది.

శుక్రవారం వచ్చింది. అమ్మణ్ణి కోడలికి చప్పిడి కూర వడ్డించబోయింది.

“అమ్మా, ఇంక దానికి పెట్టకే” అన్నాడు సత్యప్రసాద్, తలెత్తకుండా. “హెర్నియా కాదు. పిల్లలు లేంది నా వల్ల. దానికే కోశారు.”

అమ్మణ్ణి గరిటె గిన్నెలో పడేసింది.

“దాని నోరు ఇన్నాళ్లూ కట్టేయించావట్రా, వెధవా!”

గబగబా కోడలి కంచంలో ముద్దపప్పు, ఆవకాయ వేసింది. నెయ్యి ఆగకుండా పోసింది. చప్పిడి కూర గిన్నె మొత్తం కొడుకు ముందుకు తోసింది.

“బిడ్డ కడుపున పడేదాకా శుక్రవారాలు నీవి.”

అత్తగారు మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్లగానే, నాగదుర్గ ఒక ఆవకాయ ముక్క అతని అన్నం కింద దాచింది.