లింగం లెన్సు, గణపతి చెయ్యి

లింగం దగ్గర ఒక లెన్సు ఉండేది. దాని గొప్పల్లో సగం కంపెనీవాళ్లే డబ్బా మీద అచ్చేయించారు, మిగతా సగం లింగం సొంతంగా చేర్చాడు. పద్దెనిమిది నుంచి మూడు వందల మిల్లీమీటర్ల దాకా జరిగే జూమ్ లెన్సు అది. దాని మీదున్న రింగు ఒక పక్కకు తిప్పితే నది మొత్తం వచ్చి ఫ్రేములో పడుకుంటుంది. రెండో పక్కకు తిప్పితే అవతలి గట్టు మీది కొంగ కన్ను ఒక్కటే మిగులుతుంది. ఊళ్లు తిరిగేవాడికి నాలుగు లెన్సులు మోసే బాధ లేదు, మార్చేటప్పుడు దుమ్ము పడుతుందన్న దిగులు లేదు. ఇంతవరకూ నిజం. సూరత్‌లోని ఉధ్నాలో తన అద్దెగది మేడెక్కి ఈ లెన్సు పెడితే హజీరా రేవులో ఓడ మీది మనిషి చాయలో ముంచిన బిస్కెట్టు విరిగిపడటం కనిపించిందని, లాక్‌డౌన్‌లో గాలి తేటపడ్డప్పుడు సిరిసిల్లలో వాళ్ల అత్త పళ్లు తోముకోవడం కూడా చూశానని చెప్పేది మాత్రం లింగం సొంత సరుకు.

అతను పవర్‌లూమ్ కార్మికుడు. ఆదివారాల్లో అక్కడి మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడు. కరోనా వచ్చిన రెండో ఏడు పెళ్లికి యాభైమంది మించకూడదన్నారు. ఆ యాభైమందీ ఫోన్లతో తామే తీసుకున్నారు. అలాంటి రోజుల్లో ఖటోదరాలో చీరల మీద బొమ్మలు అచ్చువేసే ఒక శేఠ్ పిలిపించాడు. తాపీ నది బొమ్మతో చీర వేస్తాడట. కొంగు నిండా నది, అంచు పొడవునా ఒడ్డున మొలిచే ఆకు. రెండూ ఒక్క లెన్సుతోనే తెస్తానని లింగం ఛాతీ విరుచుకుని వచ్చాడు.

బైకు నడపడం అతనికి సరిగా రాదు. బామ్మర్ది గణపతిని తీసుకుపోవాలి. గణపతిది పక్క కార్ఖానా. తెగిన పోగును ముడి వేయడంలో ఉధ్నా మొత్తం మీద వాడంత చురుకైనవాడు లేడు. ఈగ వాలి లేచేలోపు రెండు ముడులు వేస్తాడని పేరు. లింగం భార్య వినోద గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆమె అన్న ఆగయ్య ఏప్రిల్‌లో ఊపిరాడక పోయాడు. ముఖమైనా చూపకుండా సంచిలో చుట్టి తీసుకుపోయారు.

"నాకు మిగిలింది వీడొక్కడే. ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తెచ్చి నాకు అప్పజెప్పాలె" అంది.

లింగం నవ్వి, మీ తమ్ముడికి దోమ కుట్టినా ఆ దోమ ఫోటో తెచ్చి ఇస్తానన్నాడు. ఆమె నవ్వలేదు.

తెల్లవారేసరికి హజీరా వైపు నది సముద్రంలో కలిసే చోటికి చేరారు. ఒడ్డంతా మోకాటి లోతు బురద, ఆ బురదకు అవతల నీటివైపు సర్కారు తుమ్మల గుబురు. లింగం గట్టెక్కి నిలబడ్డాడు. గట్టు కింద పది అడుగుల దూరంలో గణపతి నదికి వీపు పెట్టి, బైకు గొలుసులో ఇరుక్కున్న బురదను పుల్లతో తీస్తూ కూర్చున్నాడు.

తుమ్మల మీద నీలంగా మంచు తేలుతోంది. ఇంత చక్కని మంచు కొంగు మీద పడితే శేఠ్ తన కాళ్లకు మొక్కుతాడనుకుని లింగం ముందు మొత్తం నదిని తీశాడు. తరువాత రింగు చివరికంటా తిప్పి మూడు వందల దగ్గర చూశాడు. అది మంచు కాదు, పొగ. పొగ కింద డ్రమ్ములు, గొట్టాలు, ముగ్గురు మనుషులు. గుజరాత్‌లో సారా దొరకదని చెప్పేవాడు సూరత్‌లో ఒక్క పూటైనా ఉండనివాడే. అది కాచే చోటు లింగానికి ఇప్పుడు తెలిసింది.

ముగ్గురూ ఇటే చూశారు. ఒకడు గొట్టం తీసుకున్నాడు. ఇంకొకడు చెరకు కొట్టే కత్తి వంటి పొడవాటి కొడవలి తీసుకున్నాడు. పొగలోంచి ఒకరి వెనక ఒకరు బురదలోకి దిగారు. బుద్ధి ఉన్నవాడు అక్కడే కెమెరా మూసేసేవాడు. లింగానికి ఆ పొగ, ఆ వెలుగు, ఆ మూడు నల్లని ఆకారాలు తప్ప మరేమీ తోచలేదు. వాళ్లు ఫ్రేము నిండితే రింగు కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్లీ నిండితే మళ్లీ తిప్పాడు. రెండు వందలు, నూరు, యాభై. వాళ్లు ఎంత ముందుకొస్తే అతను రింగును అంత వెనక్కి జరిపాడు. అద్దంలో వాళ్లు మొదట ఎంత ఉన్నారో అంతే, బొటనవేలంత.

"బావా, అడుగుల సప్పుడైతుంది. ఎవరన్న వస్తున్నరా?" అని గణపతి తలెత్తకుండానే అడిగాడు.

"వస్తున్నరు గని దూరమున్నరు. గా తుమ్మల కాడనే."

వాడు బావ మాట నమ్మి మళ్లీ పుల్ల పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ లింగం అద్దంలోనే చూశాడు. బొటనవేలంత మనిషి పుల్లంత గొట్టం ఎత్తి గణపతి భుజం మీద దించాడు. చప్పుడు మాత్రం చిన్నగా రాలేదు, ఎముక చిట్లిన చప్పుడు సరాసరి చెవిలో పడింది. గణపతి తలకు అడ్డంగా కుడిచెయ్యి ఎత్తాడు. దాని మీద కొడవలి పడింది. అద్దంలో ఆ నెత్తురు కుంకుమబొట్టంతే ఉంది. అలవాటు పడ్డ వేలు దానంతటదే బటన్ నొక్కింది.

కెమెరా దించేసరికి ముగ్గురూ నిలువెత్తు మనుషులై ఎదురుగా ఉన్నారు. గొట్టం పట్టినవాడు గణపతి మెడ మీద మోకాలు పెట్టి ముఖాన్ని బురదనీటిలో అదిమాడు. వట్టిచేతులవాడు, పెద్దవాడిలా ఉన్నాడు, గట్టెక్కి లింగం దవడ మీద గుద్దాడు. పోలీసులకు ఉప్పందించేవాళ్లనుకున్నాడు. తాను చీరల కోసం ఫోటోలు తీస్తున్నానని లింగం హిందీలో మొత్తుకున్నాడు. జన్మలో ఎన్ని కోతలు కోసినా నమ్మించినవాడు ఆ ఒక్క నిజాన్ని నమ్మించలేకపోయాడు. పెద్దవాడు కెమెరా గుంజుకుని రాతికేసి కొట్టాడు. ఒక్క దెబ్బకు లెన్సు విరిగి ఊడి లింగం కాళ్ల దగ్గర పడింది, మూతి మీది అద్దం పళ్లు పళ్లుగా లేచి ఉంది.

కింద గణపతి కాళ్లు కొట్టుకోవడం నెమ్మదించింది.

లింగం లెన్సును ముంతలా పట్టుకుని పెద్దవాడి చెంపలోకి పొడిచాడు. గాజు చెంపలోంచి పంటికి తగిలి కరకరలాడింది. వాడు ముఖం పట్టుకుని గట్టు మీంచి దొర్లాడు. కొడవలివాడు లింగం వీపు మీద చొక్కాతో పాటు చర్మం చీల్చాడు. లింగం వెనక్కి తిరగలేదు. గణపతి మీద కూర్చున్నవాడి తలను లెన్సు అడుగు భాగంతో కొట్టాడు. ఒకటి, రెండు, ఆ తరువాత ఎన్నో తెలియదు. ఇనుము వంగి, లోపలి గాజులు గలగలా రాలేదాకా కొట్టాడు. వాడు పక్కకు ఒరిగి మళ్లీ కదల్లేదు. తరువాతైనా లేచాడో లేదో లింగానికి ఈనాటికీ తెలియదు. పెద్దవాడు నెత్తురు కక్కుతూ అరిచేసరికి కొడవలివాడు వాణ్ణి ఒక్కణ్ణే లాక్కుంటూ తుమ్మల్లోకి పోయాడు.

గణపతిని తిప్పితే నోట్లోంచి బురద వచ్చింది, దాని వెనక ఊపిరి వచ్చింది. కుడిచేతి బొటనవేలు సగానికి, చూపుడువేలు మొదలంటా లేవు. వెతకడానికి అక్కడ వేళ్ల లోతు కాదు, మోకాటి లోతు బురద. కెమెరా పట్టీతో బామ్మర్దిని తన వీపుకు కట్టుకుని లింగం బైకెక్కాడు. గేరు మార్చడం రాక ఫస్టు గేరులోనే సూరత్ దాకా నడిపాడు. ఇంజను పొగ చూసి కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి. ఆస్పత్రిలో నెత్తురు కారుతున్న మనిషికి ముందు ముక్కులో పుల్ల పెట్టి కరోనా లేదని తేల్చుకున్నాకే చెయ్యి చూశారు.

నాలుగో రోజు ఇద్దరినీ గదికి తెచ్చారు. వాడకట్టులోని మగవాళ్లు మూతిగుడ్డలు కట్టుకుని గుమ్మం బయట గుమిగూడారు. లింగం వీపు మీద కుట్లతో బోర్లా పడుకునే చెప్పడం మొదలుపెట్టాడు. ముగ్గురు పదముగ్గురయ్యారు. కొడవలి కత్తి అయింది, కత్తి తుపాకీ అయ్యే దారిలో ఉంది. గణపతి గోడకు ఆనుకుని కట్టు కట్టిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. వినోద పొయ్యి దగ్గర గంటెతో జావ కలుపుతోంది. జనం పోయాక లింగం వైపు తిరిగింది.

"గంత దూరం జూసే అద్దమాయె. అంతమంది నడిచొస్తుంటే కనవడలేదా?" అని అప్పుడడిగింది.

గణపతే ముందు అందుకున్నాడు. "పొగుండెనే అక్కా. కనవడలే."

లింగం బామ్మర్ది వైపు చూశాడు. వాడు తల దించుకుని కట్టు చూసుకుంటున్నాడు. ఆ పొగ చాలు. దాని మీద ఇంకో పది అబద్ధాలు పేర్చి మేడ కట్టగలడు లింగం. నోరు తెరిచాడు కూడా.

"కనవడ్డరు" అన్నాడు. "వాడు నన్ను అడిగిండు. దూరమున్నరని చెప్పిన. వాళ్లు దగ్గరికొస్తుంటే నేను రింగు దిప్పుకుంట పోయిన. ఫోటో మంచిగొస్తుందని."

వినోద గంటె ఎత్తి అతని నుదుటి మీద కొట్టింది. జావతో కలిసి నెత్తురు కంట్లోకి దిగింది. మళ్లీ కొట్టింది. గణపతి వద్దక్కా అంటూ ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. మూడోసారి ఎత్తిన ఆమె చెయ్యి లింగం దాకా అందక గాల్లోనే ఆగింది.

లింగం నెత్తురు తుడుచుకోలేదు. కుట్లు పిగులుతున్నా నేల మీద చేతులు ఊని, మూడో దెబ్బకు ఆమె చెయ్యి చాచే పని లేకుండా దగ్గరికి జరిగి కూర్చున్నాడు.