బురుల్ ఇవ్వలేదు

నేను ఒక చెక్క చక్రాన్ని. కిర్గిజ్ కొండల్లో మందల వెంట తిరిగేవాళ్ళు తమ గుండ్రని గుడారం నడినెత్తిన నన్ను బిగిస్తారు. తుందుక్ అంటారు. పొయ్యి పొగ నాలోంచి పైకి పోతుంది, ఎండ నాలోంచి లోపలికి దిగుతుంది. ఇప్పుడు ఆ దేశం జెండా మీద నా బొమ్మ రెపరెపలాడుతోంది. అందుకు నేను మురిసిపోవాలట. ముందు నాకేం జరిగిందో వినండి.

నన్ను చేసినవాడు ఓరోజ్ అనే గుర్రాల కాపరి. పెళ్ళి కుదరగానే భూర్జ కర్రకు ఆవిరి పట్టి, విరగకుండా ఓపిగ్గా వంచాడు. మజిలీ మారినప్పుడల్లా అతను నన్ను పైకెత్తి పట్టుకుంటే, భార్య బురుల్ చుట్టూ వాసాలు గుచ్చేది.

వాళ్ళ కూతురు ఐసులు ఇంకా చిన్నపిల్లగా ఉండగా, ఎక్కడో యుద్ధం చేసుకుంటున్న రష్యా జారు చక్రవర్తి ఈ కొండల్లోని మగవాళ్ళను కూలికి పంపమన్నాడు. ఎవరి యుద్ధం, ఎవరి కూలి? జనం తిరగబడ్డారు. సైనికులొచ్చి గుడారాలు తగలబెట్టారు. బతికినవాళ్ళు చైనా వైపు మంచు కనుమలెక్కారు. దారిలో గుర్రం కాలుజారి, గుడారం మీద పరిచే ఉన్ని కప్పులతో సహా లోయలో పడిపోయింది. చేతుల్లో మిగిలిన నన్ను కూడా వదిలెయ్యమన్నాడు ఓరోజ్.

"కప్పులు మళ్ళీ చేసుకుంటాం. ఇది నువ్వు చేసింది, ఇదొక్కటైనా మిగలనీ" అని బురుల్ నన్ను వీపుకు కట్టుకుంది.

కనుమ దాటకముందే ఓరోజ్ కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. గొయ్యి తీద్దామంటే నేల గడ్డకట్టి ఉంది. అతని చేతుల్లోంచి పిల్లను విడదీసుకుని బురుల్ ముందుకు నడిచింది. ఆ కనుమల్లో పోయిన జనానికి ఎవరైనా క్షమాపణ చెప్పారని నేనింతవరకూ వినలేదు.

జారు కూలిపోయాక తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. వాళ్ళ వీళ్ళ గొర్రెల ఉన్ని దువ్విపెట్టి, అందులో కొంత అడిగి తెచ్చుకుని, బురుల్ గుడారం మళ్ళీ నిలబెట్టింది. నాలుగు గొర్రెలను కూడబెట్టింది. కొత్త ప్రభుత్వం పేదలదన్నారు. ఆ పేదరాలి గొర్రెలనే తోలుకుపోయారు. తర్వాత సామూహిక వ్యవసాయ క్షేత్రం పెద్ద ఒకడు బండి వేసుకొచ్చాడు. గుడారాల్లో బతకడం అనాగరికమట. అందరూ మట్టి ఇళ్ళలో ఒకేచోట ఉండాలట.

బురుల్ గుమ్మానికి అడ్డం నిలబడింది. "దీన్ని చావుల మధ్యనుంచి మోసుకొచ్చాను. పట్టుకుపోవడానికి నువ్వెవరివయ్యా?"

అతని మనుషులు ఆమెను పక్కకు ఈడ్చేశారు. నన్ను ఊడబీకుతుంటే వాసాలన్నీ ఆమె పొయ్యి మీద కూలాయి. ఆ చలికాలం మట్టి ఇంట్లో, గుక్కెడు పాలైనా లేక బురుల్ చచ్చిపోయిందట. ఆ క్షేత్రం కొట్టంలో పనివాళ్ళు మామూలు కబురులా చెప్పుకుంటుంటే విన్నాను.

అక్కడ ఏళ్ళ తరబడి నామీద గుర్రపు జీనులు వేలాడదీశారు. చివరికెవరో పట్నం పెద్దమనిషి నన్ను చూసి అబ్బురపడి మ్యూజియంకు తరలించాడు. అనాగరికం అన్న నోళ్ళే ఇప్పుడు నన్ను సంస్కృతి అన్నాయి.

ఆ రాజ్యమూ పోయింది. జెండా మారింది, మ్యూజియం గైడు మాట మారలేదు. బురుల్ అనే వితంతువు దీన్ని సంతోషంగా కానుక ఇచ్చిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నోరుంటే అరిచేవాణ్ణి.

ఒక రోజు ఆ మాటకు గుంపు వెనకనుంచి ఒక ముసలావిడ ముందుకొచ్చింది.

"ఇవ్వలేదమ్మా, లాక్కున్నారు. నేనక్కడే ఉన్నాను. బురుల్ మా అమ్మ."

గైడు తడబడింది. తనకు నేర్పిందే చెబుతున్నానంది. ఐసులు వాదనకు దిగలేదు. అడ్డుతాడు మీదుగా వంగి అరచేయి నామీద ఆనించింది. కాపలావాడు పరుగున వచ్చాడు.

"ముట్టుకోకూడదు పెద్దమ్మా."

"అయితే మా అమ్మను ఈడ్చినట్టే నన్నూ ఈడ్చెయ్యి" అంది ఐసులు.

అతను అక్కడే ఆగిపోయాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.