నలభై అడుగులకు ఫ్రిజ్ లారీ

ప్రహరీ గోడకు ఇవతల తోటక్క బీన్స్ తోట, అవతల ప్రభుత్వాసుపత్రి వంటగది. మధ్యలో చిన్న గేటు. తోట నుంచి వంటగదికి అంతా కలిపి నలభై అడుగులు. గాలి ఇటు తిరిగితే చాలు, రోగులకు ఆ పూట ఏం వండుతున్నారో తోటక్క చెప్పేస్తుంది.

"ఇకనుంచి చుట్టుపక్కల పండినవే కొంటామమ్మా, ధైర్యంగా వెయ్యి" అని కొనుగోళ్ళ ఆఫీసరు అన్నాడు. ఆ మాట పట్టుకుని ఉన్న ఎకరమంతా బీన్సే వేసింది పిచ్చి తల్లి. ఇప్పుడు కోతకొచ్చింది. ఇంకో నాలుగు రోజులు చెట్టున ఉంటే కాయ ముదిరి గొడ్లకు తప్ప పనికిరాదు. తీరా తోపుడుబండి నిండా కోసుకుని వస్తే ఆఫీసరు ఒక కాగితం ముందు పెట్టాడు.

"ఫ్రిజ్ ఉన్న లారీలో తెస్తేనే తీసుకోవాలమ్మా. రూలు."

"లారీ ఎక్కడ తిప్పనండీ? ఎక్కి కూర్చునేలోపే మీ గేటొచ్చేస్తుంది!"

"అదంతా నాకు తెలీదు. కాగితంలో ఉంది."

ఎందుకుండదు! మాంసం కొనడానికి రాసిన షరతులనే, పైన పేరు మార్చి కూరగాయలకు తగిలించారు మహానుభావులు. వంటగదిలో పనిచేసే తోటక్క ఆడపడుచు ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టి చెప్పింది. విన్న నాథుడు లేడు. రెండు రోజులు ప్రయాణం చేసి లారీలో దిగిన వడలిన బీన్సే ఆవిడ రోజూ తరుగుతోంది.

తోటక్క బండి తిప్పుకుని బయటికొచ్చింది. మెట్ల పక్కన ఆఫీసరు స్కూటరు. దాని కొక్కేనికి రెండు కిలోల బీన్స్ సంచి. వారం రోజులుగా ఇస్తున్నట్టే, ఆఫీసరు 'శాంపిల్' కావాలంటే పొద్దున తను ఇచ్చిందే. మిట్టమధ్యాహ్నపు ఎండలో మాడుతోంది. భోజనానికి ఇంటికి బయల్దేరుతూ ఆఫీసరు తాళంచెవి తీశాడు.

తోటక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా బండికి ఫ్రిజ్ లేదు సరే. మీ స్కూటరుకి ఉందా సారూ?"

వరండాలో ఉన్న రోగులంతా ఇటు తిరిగారు. ఆఫీసరు తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తోటక్క సంచి లాక్కుని వంటగది కిటికీలోంచి ఆడపడుచుకు అందించింది.

"ఏం చెయ్యను వదినా?"

"తరిగి వండు. శాంపిలేగా, తినేవాళ్ళే రుచి చూసి చెబుతారు."

మిగతా బండెడు బీన్స్‌నీ ఎవరూ కొనలేదు. వాటిని తోసుకుంటూ తోటక్క వెనక్కి నడిచింది. నలభై అడుగుల్లో ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. గోడ అవతలికి వినబడేలా తిడుతూనే వెళ్ళింది.