ఎదురుపాట

వేలంలో ధర పెంచడాన్ని పాడటం అంటాం కదా. ఆ లెక్కన నేనూ సోడాబుడ్డీ పాడినంతగా ఏ కచేరీలోనూ ఏ జంటా పాడి ఉండదు. అతని కళ్లద్దాల మందం చూసి ఆ పేరు నేనే పెట్టాను. అతను నన్ను జిడ్డు అనేవాడు. పట్టిన పాట ఓ పట్టాన వదలను మరి.

ఆ వేలం హాలుకి జనం పాత గడియారాల కోసం, బీరువాల కోసం వచ్చేవాళ్లు. పాతకాలపు బ్రిటిష్ వెండి ప్రూఫ్ నాణేల పిచ్చి మా ఇద్దరికే. ప్రూఫ్ అంటే ఖర్చుపెట్టడానికి కాదు, చూసుకోవడానికి కొట్టిన నాణెం. బొమ్మ చుట్టూ వెండి అద్దంలా మెరుస్తుంది. వేలు తగిలిందా, ఆ మచ్చ ఇక పోదు. అందుకే అంచులు పట్టుకుని, ఊపిరి కూడా పక్కకి తిప్పి వదులుతాం. "నన్నెప్పుడైనా అంత అపురూపంగా చూశారా?" అని మా ఆవిడ బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది.

నేను మోజుపడ్డది ఒక్కటే, 1847 నాటి విక్టోరియా రాణి క్రౌన్ నాణెం. కిరీటం కింద రాణిగారు శుభ్రంగా జడ అల్లుకుని ఉంటారు. మేం జడరాణి అనేవాళ్లం. అది ఒకసారి హాలుకొస్తే సోడాబుడ్డి పాడి ఎగరేసుకుపోయాడు. పైగా మెట్ల మీద నన్ను ఆపి చూపించాడు.

"చూడవోయ్ జిడ్డూ. కళ్లతోనే సుమా!"

"దాచుకో, దాచుకో. ఎప్పటికైనా నీతో పాడి మరీ లాక్కుంటా."

పోయిన నెల వేలం కేటలాగులో జడరాణి ఫొటో కనబడింది. ఆ మనిషి బతికుండగా దాన్ని అమ్మడు. ఫోన్ చేస్తే నిజమేనన్నారు. అతను పోయాడట, కూతురు అన్నీ అమ్మేస్తోందట. నాకెవరూ కబురు చెయ్యలేదు. చెయ్యడానికి నేనెవర్ని, చుట్టాన్నా పక్కాన్నా?

జడరాణి వంతు రాగానే మొదటి పాట నేనే పాడాను. హాల్లో ఎవరో దగ్గారు, అంతే.

"ఒకటోసారి... రెండోసారి..."

ఇంత చవగ్గానా? సోడాబుడ్డి అయితే ఊరుకునేవాడా? చెయ్యెత్తి ధర పెంచాను.

"అయ్యా, ఉన్న పాట మీదేనండీ," అన్నాడు వేలం వేసేవాడు. "మీ మీద మీరే పాడుకుంటున్నారు."

హాలంతా గొల్లున నవ్వింది.

"తెలుసు. కానివ్వండి," అన్నాను.

సోడాబుడ్డి వంతు ఒకసారి, నా వంతు ఒకసారి పాడుతూ పోయాను. మెల్లగా నవ్వులు ఆగిపోయాయి. వేలం వేసేవాడు సుత్తి బల్ల మీద పెట్టేశాడు.

"పెద్దాయనా, ఇక చాలండీ. మీకు ఎదురు లేదు."

ఆ ఒక్క మాట వినాలనే ఇన్నేళ్లు ఆ హాలు చుట్టూ తిరిగాను. వినగానే అందరి ముందూ బావురుమన్నాను.