హోరులో లేచిన చేతులు

కొత్తకోడలికి ఆ ఉదయం అన్నీ ముద్దొస్తున్నాయి. మొగుడి చొక్కాకి తాను కుట్టిన గుండీ మిగతావాటికన్నా కాస్త పెద్దది. దాన్ని చూసినప్పుడల్లా నవ్వొస్తోంది. పంపుహౌస్‌లో ఆమెను అందరూ కొత్తకోడలనే పిలుస్తారు. ఆమెను చేసుకున్న ఆపరేటరు సాక్షాత్తూ యూనియన్ అధ్యక్షుడి మేనల్లుడు మరి. ఆ అధ్యక్షుడి అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఆయన సైరన్. ఆయన గొంతెత్తితే మోటార్లే నోరు మూసుకుంటాయని ప్రతీతి.

ఇవాళ సైరన్ వెంట అందరూ శాసనసభ్యుడి ఇంటికి వచ్చారు. జీతాలు, పింఛన్ల బిల్లు మధ్యాహ్నమే సభకు వెళ్తుంది. పాతవాళ్లతో పాటు కొత్తగా చేరినవాళ్లకూ పింఛను ఉండాలన్నది యూనియన్ పట్టు. కొత్తకోడలూ మొగుడూ ఇద్దరూ పనిలో కొత్తవాళ్లే. ఆమె తండ్రి కూడా ఒకప్పుడు మోటార్ల దగ్గరే పనిచేశాడు. ఆ హోరుకి చెవులు పోయాయి, పింఛను మిగిలింది. "చెవులు ఎలాగూ పోతాయమ్మా, రెండోది మాత్రం పోనివ్వకు," అని నిన్న కూతురి చెవిలో చెప్పాడు. చెవిటివాడి రహస్యం కదా, వీధంతా విన్నది.

ఎప్పుడూ బయటే నిలబెట్టే ఇల్లు అది. ఇవాళ గేటు బార్లా తీసి ఉంది. రేకుల పందిరి కింద కుర్చీలు వేశారు. వేడి టీ కూడా వచ్చింది.

"చెట్టెక్కించి నిచ్చెన లాగేసే మనిషి, ఇవాళ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడేంటి?" అన్నాడు ఫిట్టరు, టీ ఊదుకుంటూ.

"తాగు తమ్ముడూ, తాగు. మేకకి కూడా ముందు ఆకులే పెడతారు," అంది మీటర్లు చూసే అక్క.

అందరూ పగలబడి నవ్వారు. కొత్తకోడలూ నవ్వింది. టీ చాలా బాగుంది, అల్లం కూడా వేశారు.

తెల్లచొక్కా సహాయకుడొకడు వచ్చాడు. "కొత్తగా చేరినవాళ్లంతా ముందు వరుసలోకి రండమ్మా," అన్నాడు తేనె పూసినట్టు. వాళ్ల ఎదుట ఒకడు కెమెరా సరిచూసుకుంటున్నాడు.

"కొత్తల్లుడి మర్యాదలు చేస్తున్నారండీ మీకు," అంది ఆమె మొగుడి చెవిలో.

అతను "ఊఁ" అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

అంతలో మబ్బు పగిలినట్టు వాన దిగింది. రేకుల మీద ఒకటే మోత. సైరన్, శాసనసభ్యుడు భుజాల మీద చేతులేసుకుని అరుగు మీదికి వచ్చారు. సైరన్ మాట్లాడాడు. పెదవులు కదిలాయి తప్ప ముందు వరుసకి కూడా ఒక్క ముక్క అందలేదు. వానని మించి అరవగల మనిషి, ఇవాళ గొంతే పెంచలేదు.

మాట్లాడి, కుడిచెయ్యి పైకెత్తాడు.

పంపుహౌస్‌లో మాట వినపడదు. అంతా చేతుల భాషే. పెద్ద ఆపరేటరు చెయ్యెత్తితే మిగతావాళ్లూ ఎత్తాలి, వాల్వు తిప్పాలి. ఎందుకని అడగడం తర్వాత. ముందే అడుగుతూ కూర్చుంటే పైపు పగులుతుంది. అలా పండిపోయిన చేతులు, అన్నీ ఒక్కసారి లేచాయి. కొత్తకోడలి చెయ్యి అందరికన్నా ముందు లేచింది. కెమెరా తళుక్కుమంది.

వాన తెరిపిచ్చింది. శాసనసభ్యుడు రెండు చేతులూ జోడించాడు.

"చాలా సంతోషం. జీతాలు పెరుగుతాయి. పాతవాళ్ల పింఛను భద్రం. కొత్తవాళ్లు పింఛను వదులుకున్నారు. ఎవరి బలవంతమూ లేదు. చేతులెత్తి మరీ వదులుకున్నారు."

ఫిట్టరు కప్పు కింద పెట్టి సైరన్ వైపు తిరిగాడు.

కొత్తకోడలు సైరన్ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది. "ఇదేమిటి బాబాయిగారూ?"

"మునిగే పడవమ్మా. సగం మందినైనా ఒడ్డుకి చేర్చాను."

"మమ్మల్ని నీళ్లలోకి తోసా?"

సైరన్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "మీవాడికి ముందే చెప్పాను. వాడు సరేనన్నాకే ఇక్కడికొచ్చాను. వాడికి సూపర్‌వైజరు పని ఖాయం చేయించాను. నీకు తెలీదా?"

ఆమె వెనక్కి తిరిగింది. మొగుడు అక్కడే ఉన్నాడు.

"దారంతా నవ్వుతూనే వచ్చారుగా!"

"నువ్వు సంతోషంగా ఉన్నావు. చెప్పబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం పద."

"ఇల్లెక్కడికీ పోదు. బిల్లే పోతోంది."

ఆమె అరుగు మెట్లెక్కింది. "అయ్యా, నేను మాట వినపడకుండానే ఎత్తాను. నా చెయ్యి దించేస్తున్నాను. పింఛను వదులుకోను. సభలో ఆ మాట కూడా చెప్పండి."

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరుసలో ఒకరిద్దరు సగం లేచారు. శాసనసభ్యుడు అటు చూడగానే మళ్లీ కూర్చున్నారు.

ఆయన నవ్వు చెక్కు చెదరలేదు. "అలాగే తల్లీ. నీ ఇష్టం," అని సహాయకుడికి తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

సహాయకుడు దగ్గరికొచ్చాడు, చాలా మర్యాదగా. "ఏ పంపుహౌస్ అమ్మా మీది? ఎవరి తాలూకు?"

ఆమె నోరు తెరిచేలోగా వెనకనుంచి మొగుడి గొంతు వచ్చింది. "మా ఆవిడండి. చిన్నపిల్ల, లోకం తెలీదు. ఎవరో ఎక్కించారు."

"నన్నెవరూ ఎక్కించలేదు!"

సహాయకుడు ఆమె మాట విననట్టే ఉన్నాడు. "ఎవరు బాబూ?" అని అతన్నే అడిగాడు, అదే తేనె గొంతుతో.

మొగుడి కళ్లు కుర్చీల మీదుగా మెల్లగా సాగి, మీటర్లు చూసే అక్క దగ్గర ఆగాయి.