పొద్దుటి కరెంటు

“వెళ్ళొద్దని నేనన్నానా? అన్నీ చేసేసి వెళ్ళు” అన్నాడు కిరణ్ కుమార్, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

నానిన మినప్పప్పు కడుగుతున్న రత్నకుమారి చెయ్యి ఆగింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడు దేనికీ వద్దనలేదు. బీయీడీ చదువుతానంటే చదువుకోమన్నాడు, ఉద్యోగం వస్తే చేసుకోమన్నాడు. ప్రతిసారీ, అన్నీ చేసేసి. ఊళ్ళో అందరూ అతన్ని బంగారమంటారు. ఆ అన్నీ ఏమిటో అతనికి ఇప్పటికీ తెలియదు. బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి తెల్లారగానే పంచాయతీ కుళాయి దగ్గర బిందెలు పట్టి మొయ్యాలి. అత్తగారు ప్రేమమ్మకి వేణ్ణీళ్ళు, అతనికి అవనిగడ్డ బస్సు వేళకి కేరేజీ, కొడుకుని కాన్వెంటు ఆటో ఎక్కించడం. అవన్నీ అయ్యి ఆమె చీర మార్చుకునేసరికి కరెంటు పోయే వేళవుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ కరెంటుతోనే.

ఆమె లెక్కలు చెప్పే హైస్కూలుకి, ఆ బళ్ళోనే చదువుకుని వ్యాపారంలో పైకొచ్చిన నూకరాజుగారు దసరా ముందు నాలుగు కంప్యూటర్లు ఇచ్చారు. హెడ్మాస్టరు పూర్ణచంద్రరావుగారు వాటికి పసుపు రాయించి, బొట్లు పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, గుడ్డలు కప్పి గదికి తాళం వేశారు. పిల్లలు చెప్పులు విప్పి లోపలికెళ్ళి దణ్ణం పెట్టుకుని రావడమే తప్ప ఒక్కరూ వాటి మీద వేలు పెట్టింది లేదు. పాపం, తప్పంతా ఆయనదీ కాదు. కరెంటు కోతల మూలంగా ఆ ఊరికి పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా, మళ్ళీ పొద్దుగూకాకే కరెంటు. బడి జరిగినంతసేపూ ఉండదు. మొన్న నూకరాజుగారు వచ్చి దుమ్ము చూసి, క్రిస్మస్ లోపల పిల్లలు వాడకపోతే బందర్లో ఏదో ప్రైవేటు కాలేజీకి ఇచ్చేస్తానని తేల్చి చెప్పి వెళ్ళారు.

పొద్దున ఆరింటికొచ్చి నేను నేర్పుతానని రత్నకుమారి అనేసింది. ఎండాకాలం సెలవుల్లో బందరు వెళ్ళి తన జీతంతోనే కంప్యూటరు నేర్చుకుంది మరి. స్టాఫ్ రూములో మాస్టర్లు నవ్వి, ఇల్లు వదిలేసి వస్తారా మేడమ్ అన్నారు. వాళ్ళనెవరూ ఆ మాట అడగరు.

“అయినా చెరువుల మీద చేపలకి మేత జల్లేవాళ్ళ పిల్లలకి కంప్యూటర్లెందుకు?” అన్నాడు కిరణ్ కుమార్, పేపరు మడుస్తూ.

రత్నకుమారికి ఒళ్ళు మండింది. తన తల్లి నాట్లకెళ్ళి, కోతలకెళ్ళి తనని చదివించిందని ఇతనికి తెలియదా? తమ కొడుకు కాన్వెంటులో కంప్యూటరు నేర్చుకుంటుంటే మురిసిపోయి పదిమందికీ చెప్పుకునేది ఇతనే కదా?

“పిండి రుబ్బి పెడతాను. బిందెలు గుమ్మం దగ్గరుంటాయి. రేపు నేను ఆరింటికల్లా వెళ్తున్నాను” అంది.

మగాడు కుళాయి దగ్గర నిలబడితే ఊరు నవ్వుతుందని ప్రేమమ్మ లోపల్నుంచి అంది. నవ్వనివ్వండి అత్తయ్యా, అని రత్నకుమారి మళ్ళీ పప్పు కడుక్కుంది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి హెడ్మాస్టరుగారు తాళంచెవితో నిలబడి ఉన్నారు. వరండా నిండా పిల్లలు. ఆమె కడుపు నిండిపోయింది. ఇంకాస్త దగ్గరికెళ్ళాక తెలిసింది, అందరూ మగపిల్లలే. అమ్మాయిలు ఏరీ అని అడిగింది.

మా అక్క నీళ్ళకెళ్ళిందండీ అన్నాడొకడు. అమ్మ కోతకెళ్ళింది, చెల్లి వంట చేస్తందండీ అన్నాడింకొకడు. ఏ ఇంటి సంగతి విన్నా అదే. ఇంట్లో పోట్లాడి తను తెచ్చుకున్న పొద్దు ఆ ఆడపిల్లల దగ్గర లేదు. ఇంత చిన్న వయసుకే వాళ్ళూ అన్నీ చేసేసి రావాలి.

“అక్కచెల్లెళ్ళున్నవాళ్ళు ఇంటికెళ్ళండి” అంది. “వాళ్ళతో పాటు పని చేసి, వాళ్ళని తీసుకుని రండి. వాళ్ళొచ్చాకే స్విచ్చి వేస్తాను.”

హెడ్మాస్టరుగారు కంగారుపడ్డారు. ఉన్న కాస్త కరెంటూ పోతుందనీ, క్రిస్మస్ దగ్గరపడిందనీ, ఇవాళ మొదలుపెట్టకపోతే కంప్యూటర్లు మనకి దక్కవనీ, ముందు వచ్చినవాళ్ళకి చెప్పెయ్యమనీ బతిమాలారు. ఆమెకీ భయంగానే ఉంది.

“ఇవాళ వీళ్ళు కూర్చుంటే రేపటికి ఆ కుర్చీలు వీళ్ళవే అయిపోతాయండీ” అంది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో పొడుగ్గా ఉన్నవాడు గొణిగాడు. “మగపిల్లలు బిందె ఎత్తకూడదంటదండీ మా అమ్మ.”

“టీచరుగారింట్లో ఇవాళ సారే మోస్తున్నారని చెప్పు మీ అమ్మకి.”

వాడు నోరు తెరిచాడు. తర్వాత పరుగెత్తాడు. మిగతావాళ్ళు వాడి వెనకాల.

ఆ మాట నిజమో కాదో రత్నకుమారికి తెలియదు. నిజం కాకపోతే ఇవాళ ఇంట్లో తాగడానికి నీళ్ళుండవు, అంతే.